చెల్లి తెచ్చిన దారం (వాడ మాటలు – 23)



సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు మా చిన్నాయన కూతురు నాకు టీ తెచ్చిచ్చింది. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. మా ఇళ్ళల్లో అంత మర్యాదగా టీ ఇచ్చే అలవాటు ఎవరికీ లేదు. "ఏం పాపా, అన్నంటే ఇంత గౌరవమా?" అని ఎగతాళి చేశాను.

"గౌరవం కాదన్నా, ఒక చేత్తో పట్టుకుంటే జారిపోతాంది" అంది.

ఆమెకు 27 ఏళ్ళు. చిత్తూరు పక్కన మా ఊరి నుంచి తెల్లవారుజామున కంపెనీ బస్సెక్కి, తమిళనాడు సరిహద్దు దాటి, రాణిపేట వైపున్న ఒక బూట్ల ఫ్యాక్టరీకి పోతుంది. ఆ వైపు అలాంటి ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. ఇది ఏదనేది ఇక్కడ ముఖ్యం కాదు, పేరు రాస్తే ముందు పోయేది ఆమె ఉద్యోగమే. ఆరేళ్ళుగా ఒకటే లైన్. బూటు పైభాగానికి గమ్ము పూసి సోల్ అంటించే చోట నిలబడుతుంది. రాత్రి రెండు, మూడు గంటలప్పుడు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుందట. లేచి కూర్చుని థర్మామీటర్ విదిలించినట్టు చేయి విదిలించుకుంటే తగ్గుతుందట. భుజం సంగతి అడిగితే నవ్వింది. "అది మామూలే అన్నా, లైన్‌లో అందరికీ ఉంటుంది."

ఈ "అందరికీ ఉంటుంది" దగ్గర నేను ఆగిపోయాను. ఒకరికి ఉంటే జబ్బు. అందరికీ ఉందంటే ఆ చోట ఏదో ఉందని కదా అర్థం.

నువ్వు పనిచేసే బల్ల ఎంత ఎత్తుంటుంది అని అడిగాను. గుండెల దాకా చేయి పెట్టి చూపించింది. సరిగ్గా కొలిచి చెప్పమన్నాను. లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు, టేపు తీసుకుపోతే ఎందుకని అడుగుతారు. పండగ సెలవులు అయిపోయి పనిలోకి పోయిన మొదటి రోజే చెల్లి ఒక పని చేసింది. స్టిచింగ్ వాళ్ళ దగ్గర తెగిపడిన దారం ముక్క ఒకటి తీసుకుని, ఒక కొస కాలి కింద తొక్కిపట్టి, బల్ల అంచు దగ్గర ముడి వేసింది. కన్వేయర్ మీద బూటు ఉన్నప్పుడు తన చేతులు ఎక్కడుంటాయో అక్కడ ఇంకో ముడి. దారం చుట్టి జడలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. నేను ఆ రాత్రి అక్కడే ఉన్నాను. దర్జీ టేపు తెచ్చి కొలిచాము.

మొదటి ముడి 107 సెంటీమీటర్లు. రెండోది 121.

తర్వాత ఆమెను గోడకు నిలబెట్టి కొలిచాను. ఎత్తు 149. చేయి మడిచి నిలబడితే మోచేయి నేల నుంచి 94.

ఈ అంకెల్లో ఏముందో చెప్పాలంటే ఒక మాట పరిచయం చేయాలి. ఎర్గోనమిక్స్. ఇంజినీరింగ్ చదివే తమ్ముళ్ళు విని ఉంటారు, అది ఖరీదైన ఆఫీసు కుర్చీల గొడవ అనుకుని వదిలేసి ఉంటారు. అసలు సంగతి చిన్నది. పనిని మనిషికి తగ్గట్టు అమర్చాలి, మనిషిని పనికి తగ్గట్టు వంచకూడదు. ఆ శాస్త్రంలో మొదటి పాఠాల్లోనే ఉండే లెక్క ఏంటంటే, నిలబడి చేసే తేలిక పనికి చేతులు మోచేతి కన్నా కొంచెం కిందుండాలి, ఓ 10 సెంటీమీటర్లు అటూఇటూగా. కన్ను దగ్గర పెట్టి చేసే సన్నపనికి కొంచెం పైకి. బలం పెట్టి నొక్కే పనికి ఇంకా కిందికి. అంటే మా చెల్లి చేతులు 84, 90 మధ్య ఎక్కడో ఉండాలి. 121 దగ్గర ఉన్నాయి. బల్ల ఒక్కటే లెక్కేస్తే సరిపోదు. బల్ల మీద బూటు, బూటు లోపల దానికి ఆకారమిచ్చే లాస్ట్, అన్నీ కలిసి చేతిని పైకి లేపుతాయి. ఆ ఎత్తులో పని చేయాలంటే రెండు భుజాలూ చెవుల వైపు ఎత్తి పట్టుకోవాలి, మణికట్టు కిందికి మడవాలి. మీరు చదువుతున్న చోటే ఒకసారి నిలబడి, మోచేతుల్ని పక్కటెముకల నుంచి ఎత్తి, చేతుల్ని రొమ్ము ఎత్తున పెట్టి, ఉత్త చేతులతోనే రెండు నిమిషాలు ఉండండి.

ఆమె దగ్గరికి 20 సెకన్లకు ఒక బూటు వస్తుంది. నిమిషానికి మూడు. భోజనం అరగంట పోను ఏడున్నర గంటలకు 1,350 బూట్లు. బూటుకు కనీసం నాలుగుసార్లు బ్రష్ తిప్పితే 5,400 సార్లు. ఒక రోజుకు.

మరి ఆ 107 ఎవరి కొలత? మనిషి మోచేయి ఎత్తు సుమారుగా ఒంటి ఎత్తులో 63 శాతం ఉంటుంది. ఈ లెక్కన 175 సెంటీమీటర్ల మగవాడికి మోచేయి 110 దగ్గర. ఆ బల్ల అంచు అతని మోచేతికి కొంచెం కిందికే వస్తుంది. యంత్రం ఏ దేశంలో తయారైందో, ఏ మనిషిని మనసులో పెట్టుకుని దాన్ని గీశారో, ఆ మనిషి ఈ లైన్‌లో లేడు. లైన్‌లో ఉన్నది ఆడవాళ్ళు. మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల లెక్కల్లో ఎస్సీ, ఎస్టీ స్త్రీల సగటు ఎత్తు మిగతా కులాల స్త్రీల కన్నా తక్కువ. అది రక్తంలోంచి వచ్చిన పొట్టితనం కాదు. అవ్వ తినని తిండి, అమ్మ కడుపుతో ఉన్నప్పుడు చేసిన కూలి, బిడ్డకు చిన్నప్పుడు పదేపదే వచ్చిన విరేచనాలు, తాగే నీళ్ళు, ఇవన్నీ కలిసి ఎముకను అక్కడే ఆపేస్తాయి. కులం ముందు మనిషిని పొట్టిగా చేసింది. తర్వాత ఆ మనిషిని పొడుగువాళ్ళ కోసం చేసిన బల్ల ముందు నిలబెట్టింది. అందలేదంటే "నీకు స్పీడు లేదు" అంది.

కొలతలు లేవనే సాకు కూడా చెల్లదు. భారతీయుల శరీర కొలతలతో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లోనే ఒక పెద్ద పుస్తకం వేసింది. బల్ల కాళ్ళకు ఎన్ని సెంటీమీటర్లుండాలో చూసుకోవడానికి పావుగంట పట్టదు.

మా తాత గురించి ఇదివరకు రాశాను, కానీ ఆయన నడుం గురించి రాయలేదు. ఆయన చెప్పులు కుట్టేవాడు. లందలో సున్నం పెట్టి, తంగేడు చెక్కతో తోలు ఊనిన మనిషి. నేల మీద కూర్చుని, తోలును కాలి వేళ్ళ సందున బిగించి, ఆరెతో పొడిచి దారం లాగేవాడు. నాకు తెలిసేనాటికే ఆయన నడుం వంగిపోయి ఉంది. ఊరివాళ్ళెవరైనా వచ్చి ఎదురుగా నిలబడితే తల ఎత్తేవాడు, నడుం లేచేది కాదు. అది వినయం అనుకునేవాళ్ళు ఊర్లో. "మీ తాత ఎంత అణకువైన మనిషి" అని ఇప్పటికీ నాతో అనేవాళ్ళున్నారు. వెన్నెముక వంగిపోతే కూడా మనకు దొరికే సర్టిఫికెట్ అణకువ!

ఇటలీలో రామజ్జినీ అనే వైద్యుడు పనివాళ్ళ జబ్బుల మీద 1700లో ఒక పుస్తకం రాశాడు. అందులో చెప్పులు కుట్టేవాళ్ళు, దర్జీలు కూర్చుని కూర్చుని వెన్ను వంగిపోవడం గురించి ఉంది. రోగి ఏ పని చేస్తాడో డాక్టరు అడగాలని నేర్పింది కూడా ఆయనే. అక్కడ మూడు వందల ఏళ్ళ కిందటే అది వృత్తి తెచ్చిన జబ్బు. ఇక్కడ అది పుట్టుక తెచ్చిన గుణం.

అందుకే కులవృత్తుల గొప్పతనం గురించి సెమినార్లలో కొందరు మాట్లాడుతుంటే నాకు ఇబ్బందిగా ఉంటుంది. మా తాత నైపుణ్యం గొప్పదే. ఆయన కుట్టిన చెప్పు నాలుగేళ్ళు తిరిగేది. కానీ ఆ నైపుణ్యం చుట్టూ వందల ఏళ్ళలో ఒక్కరూ ఒక ఎత్తైన బల్ల చేసి ఇవ్వలేదు. వడ్రంగి అదే ఊర్లో ఉన్నాడు, చెట్టూ ఉంది. తోలు ముట్టుకునేవాడి నడుం ఎవరి ఆలోచనలోకీ రాలేదు, అంతే.

పనిముట్టుకూ కులానికీ ఉన్న ఈ సంబంధాన్ని అంబేడ్కర్ ఎక్కడ పట్టుకున్నాడో చూడండి. బొంబాయి బట్టల మిల్లుల్లో అంటరానివాళ్ళను స్పిన్నింగ్‌లోకి రానిచ్చేవాళ్ళు, కూలి బాగా గిట్టే వీవింగ్‌లోకి రానిచ్చేవాళ్ళు కాదు. కారణం నాడె. కండె అయిపోయినప్పుడు కొత్త కండె పెట్టి, దారం కొసను నాడె కంట్లోంచి నోటితో పీల్చి బయటికి లాగాలి. ఒకరు నోరు పెట్టిన నాడెను ఇంకొకరు వాడాలి. మాల మహర్ నోరు పెట్టిన నాడెకు సవర్ణ కార్మికుడు నోరు పెట్టడం ఎలా? 1928 సమ్మె రోజుల్లోనే అంబేడ్కర్ ఈ ప్రశ్న లేవనెత్తాడు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల మహాసభలోనూ కార్మికవర్గ ఐక్యత గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళ ముందు దీన్నే పెట్టాడు.

ఈ కథకు రెండో సగం మనం చెప్పుకోము. అదే నాడె మీద ఇంగ్లండు లాంకషైర్‌లోనూ, అమెరికాలోనూ గొడవ జరిగింది. అక్కడి నేత కార్మికులు దాన్ని నాడెకు ముద్దుపెట్టడం అనేవాళ్ళు. దూది దుమ్ము గొంతులోకి పోతుంది, క్షయ అంటుకుంటుందనే భయం. నోరు పెట్టకుండా చేత్తోనే దారం ఎక్కించే నాడెలు అప్పటికే ఉన్నాయి. మసాచుసెట్స్ రాష్ట్రం 1911లో నోటితో పీల్చే నాడెను చట్టం చేసి ఆపేసింది. లాంకషైర్‌లో 1952 దాకా పట్టింది. అంటే నాడె మారిస్తే జబ్బు భయమూ పోయేది, బొంబాయిలో అంటరానితనానికి చెప్పుకునే సాకూ పోయేది. మన దగ్గర పనిముట్టును కదిలించలేదు, మనిషిని పక్కకు నెట్టారు. నా దృష్టిలో మన దేశపు పనిస్థలాల చరిత్ర మొత్తానికి ఆ నాడె ఒక్కటి చాలు సాక్ష్యంగా.

ఇలా రాస్తుంటే ఒక కామ్రేడ్ ఫోన్‌లో అన్నాడు. "అన్నా, పాశమైలారంలో మనుషులు పేలిపోయి శవాలు గుర్తుపట్టలేని స్థితిలో ఉంటే, నువ్వు బల్ల ఎత్తు, కుర్చీ మెత్తన అంటున్నావు. ఇది సుఖం గురించిన మాట, ప్రాణం గురించిన మాట కాదు."

ఆయన బాధ నాకు అర్థమవుతుంది. 2025 జూన్ 30 ఉదయం ఆ పేలుడు వార్త విన్నప్పుడు నేను కూడా రెండు రోజులు అన్నం తినలేకపోయాను. కానీ సుఖం అనే మాట దగ్గర నేను ఒప్పుకోను. కాలిఫోర్నియా పొలాల్లో మెక్సికన్ కూలీలకు పొట్టి పిడి ఉన్న పార ఇచ్చేవాళ్ళు. అడుగున్నర, రెండడుగుల పిడి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుం సగానికి వంచి లెట్యూస్, బీట్ సాళ్ళలో కలుపు తీయాలి. స్పానిష్‌లో దాన్ని ఎల్ కోర్తితో అనేవాళ్ళు, పొట్టిది అని. పొడుగు పిడి పార వేరే చోట్ల వాడుతూనే ఉన్నారు, అది కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. మరెందుకు పొట్టిది? పొడుగుదైతే మొక్కలు తెగుతాయన్నారు యజమానులు. మేస్త్రీలకు ఇంకో లాభం ఉంది. పొలం గట్టు మీద నిలబడి చూస్తే, నిటారుగా ఉన్నవాడు పని ఆపినట్టు. అందరూ వంగే ఉంటే పని జరుగుతున్నట్టు. కూలీలు, వాళ్ళ వకీళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడి, డాక్టర్లతో సాక్ష్యం చెప్పించి, 1975లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు దాకా పోయి గెలిచారు. ఆ ఏడే ఆ పార నిషేధమైంది. పంటలేమీ మునిగిపోలేదు.

నిటారుగా నిలబడ్డం పని ఎగ్గొట్టడంతో సమానం అనే లెక్క మనకు కొత్తగా చెప్పాలా? చెప్పులు చేతపట్టుకుని, తలగుడ్డ చంకలో పెట్టుకుని నడిచిన వీధులు మనకు గుర్తులేవా? వంగి ఉండడం మన మీద ఊరు పెట్టిన పన్ను. ఫ్యాక్టరీ గేటు దాటితే అది మాఫీ అవుతుందనుకున్నాం. అక్కడ దానికి టార్గెట్ అని పేరు పెట్టారు.

ఇక కుర్చీ మాట. ఊర్లో మా నాయన తరంలో ఎవరి ఎదుట కూర్చోవచ్చో, ఎవరి ఎదుట నిలబడాలో రాయని చట్టం ఉండేది. ఇప్పటికీ దళిత సర్పంచ్‌కు కుర్చీ వేయని పంచాయతీల వార్తలు వస్తూనే ఉంటాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ చూడండి. నిలబడి పనిచేయాల్సిన కార్మికులందరికీ, పని మధ్యలో వెసులుబాటు దొరికినప్పుడు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలి అనేది. కూర్చుని చేయగలిగిన పనైతే కూర్చోబెట్టమని చీఫ్ ఇన్‌స్పెక్టర్ రాతపూర్వకంగా ఆదేశించవచ్చు అని కూడా ఉండేది. డెబ్భై ఏడేళ్ళు దాటింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లో కూడా కూర్చునే ఏర్పాటు మాట ఉంచారు. కాకపోతే ఫ్యాక్టరీ అనే లెక్కలోకి రావాలంటే కరెంటు వాడే చోట 10 మంది చాలు అన్నదాన్ని 20 చేశారు. 12 మందితో నడిచే తోలు షెడ్డు, చెప్పుల షెడ్డు ఇప్పుడు ఫ్యాక్టరీ లెక్కలోకి రావు.

చెల్లి వాళ్ళ దగ్గర స్టూళ్ళు ఉన్నాయి. విదేశీ బ్రాండ్ వాళ్ళు ఆడిటింగ్‌కి వచ్చే రోజున బయటికొస్తాయి. మర్నాడు స్టోర్‌లోకి పోతాయి. "అన్నా, ఆ రోజు కూడా మేము కూర్చోం, ఉత్తగా పక్కన పెట్టుకుంటాం" అంది. కేరళలో కోళికోడ్ బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు కూర్చునే హక్కు కోసం ఏళ్ళపాటు పోరాడితే 2018లో అక్కడ షాపుల చట్టం మారింది. 2021లో తమిళనాడు కూడా మార్చింది. అంటే చెల్లి పోయే రాష్ట్రంలోనే, చీరలు అమ్మే అమ్మాయి కుర్చీ అడిగి తెచ్చుకుంది. బూట్లు చేసే అమ్మాయికి అంతకు 73 ఏళ్ళ ముందే కాగితం మీద వచ్చిన కుర్చీ ఇంకా స్టోర్‌లో ఉంది.

దెబ్బ అంటే ఏది అనే దగ్గరే అసలు మోసం. మెషిన్‌లో వేలు తెగితే యాక్సిడెంట్. రక్తం కనిపిస్తుంది, రిజిస్టర్‌లో ఎక్కుతుంది, ఈఎస్ఐలో ఉద్యోగ గాయం కింద 90 శాతం జీతం వస్తుంది, తగ్గేదాకా. వేలు ఉండి, ఆ వేలికి స్పర్శ లేకపోతే? చెల్లి ఈఎస్ఐ డిస్పెన్సరీకి పోతే నొప్పి మాత్రలు, ఒక పట్టీ, జబ్బు సెలవు కాగితం ఇచ్చారు. జబ్బు సెలవుకు 70 శాతం, ఏడాదికి 91 రోజుల లోపే. పని ఏం చేస్తావని ఎవరూ అడగలేదు. రామజ్జినీ నేర్పిన ప్రశ్న ఇంకా ఆ కౌంటర్ దాకా రాలేదు. ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో సర్కారుకు తెలియజేయాల్సిన 29 జబ్బులుండేవి. సీసం విషం, సిలికోసిస్, చెవుడు, ఇంకా చాలా. ఉండాల్సినవే అవన్నీ. కానీ వంగి, ఎత్తి, తిప్పి, నిలబడి వచ్చే నడుం, భుజం, మణికట్టు జబ్బులు ఆ జాబితాలో లేవు. జాబితాలో లేని నొప్పికి లెక్క ఉండదు, లెక్క లేని నొప్పికి ఇన్‌స్పెక్టర్ రాడు. ఆడపిల్లలు ముప్పై దాటాక ఒక్కొక్కరే మానేస్తారు. కంపెనీ కాగితాల్లో "సొంత కారణాలు". ఇంట్లో "పిల్లల్ని చూసుకోవాలి కదా". వాళ్ళ చోటుకు పందొమ్మిదేళ్ళ కొత్త చేతులు వస్తాయి. నా ఉద్దేశంలో ఎత్తు సరిచేయని బల్ల చవగ్గా ఉన్నట్టు కనపడడానికి కారణం ఇదే. బల్ల కన్నా మనిషిని మార్చడం చవక.

బస్తా సంగతి కూడా ఇదే. బరువులెత్తడం గురించి అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ వేసిన లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే ఒంటికి దగ్గరగా, నడుం ఎత్తున, మెలి తిరగకుండా, అప్పుడప్పుడు ఎత్తితే 23 కిలోలు. మన రైస్ మిల్లులో బస్తా 50 కిలోలు. సిమెంటు బస్తా 50. మా నాయన హమాలీ పని చేసినప్పుడు క్వింటా బస్తా వీపున మోశాడు. క్వింటాను 50 చేసినప్పుడు ఏ మిల్లూ మూతపడలేదు. బస్తా బరువును దేవుడు నిర్ణయించలేదు, ఎవరో ఒక ఆఫీసులో కూర్చుని నిర్ణయించారు. ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ ఆ పరిమితి పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. పాతికకిలోల బస్తా ఎందుకు కాకూడదని అడిగే ఊరేగింపు నేనింతవరకు చూడలేదు.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాల్సిన విషయం ఒకటుంది. యజమాని తనంతట తానే "ఎర్గోనమిక్స్" అన్నప్పుడు మనం కొంచెం చెవి రిక్కించాలి. వందేళ్ళ పైమాట. అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అనే ఆయన తాపీమేస్త్రీల పని గమనించాడు. ప్రతి ఇటుకకూ నేల దాకా వంగుతున్నారు. ఇటుకలూ మాలూ నడుం ఎత్తున ఉండేలా, గోడ లేచేకొద్దీ పైకి జరిపే మంచె తయారుచేశాడు. 18 కదలికలు 5 అయ్యాయి. వంగడం పోయింది, చాలా మంచిది. గంటకు 120 ఇటుకలు పేర్చే చోట 350 పేర్చారని టేలర్ 1911లో తన పుస్తకంలో గొప్పగా రాసుకున్నాడు. నడుముకు మిగిలిన బలాన్ని ఇటుకలు తినేశాయి. బల్ల ఎత్తు సరిచేసి 20 సెకన్లను 14 చేస్తే మా చెల్లి మణికట్టుకు ఒరిగేదేమీ లేదు. అందుకని ఎత్తు గురించి అడిగిన ప్రతిసారీ, అదే నోటితో వేగం గురించి కూడా అడగాలి. టార్గెట్ పెంచకుండా ఎత్తు మార్చు. రెండు గంటలకొకసారి పది నిమిషాలు లైన్ ఆపు. గమ్ము పూసేవాళ్ళను, సరిచూసేవాళ్ళను, డబ్బాలో పెట్టేవాళ్ళను పూటకొకసారి మార్చు, అదీ ఒకే కండరం మీద పడని పనికి మార్చు. భుజం నొప్పి పని నుంచి ఇంకో భుజం నొప్పి పనికి మార్చి రొటేషన్ అని రాసుకుంటే కుదరదు.

మార్చాల్సినవి పెద్ద ఖర్చువి కావు. బల్ల కాళ్ళలో బోల్టు రంధ్రాలు పెడితే ఎత్తు మారుతుంది. కన్వేయర్ దించలేని చోట నిలబడడానికి వెడల్పాటి దిమ్మ వేయొచ్చు, కాలు జారకుండా, వెనక్కి అడుగేస్తే పడకుండా. గచ్చు మీద మందపాటి రబ్బరు చాప. ఒక కాలు మార్చి ఒక కాలు పెట్టుకోవడానికి చిన్న పీట. మెషిన్ మీద కుట్టేవాళ్ళకు బల్లను కొద్దిగా తమ వైపు వాలుగా పెడితే సూది చూడ్డానికి మెడ అంత వంచక్కర్లేదు. బ్రష్ పిడి సన్నగా ఉంటే వేళ్ళు బిగించి పట్టుకోవాలి, దానికి గుడ్డ చుట్టినా కొంత మేలు. పిడి వంపు తిప్పితే ఇంకా మేలు, అప్పుడు మణికట్టు నిటారుగా ఉంటుంది. వంగాల్సింది పనిముట్టు.

ఆ లైన్‌లో అందరూ మనవాళ్ళే కాదని కూడా రాయాలి. బీసీ అమ్మాయిలున్నారు, ముస్లిం అమ్మాయిలున్నారు, అక్కడి వన్నియర్ ఆడవాళ్ళున్నారు. బల్ల కులం అడిగి భుజం విరవదు. కానీ ఎవరు ఏ బల్ల దగ్గరికి చేరతారనేది, ఎవరు గమ్ము వాసనలో నిలబడతారు, ఎవరు గాజు గదిలో తిరిగే కుర్చీలో కూర్చుని ఎత్తు లివర్ నొక్కుకుంటారనేది చూస్తే సమాజం మొత్తం అక్కడ వరసగా కనిపిస్తుంది. గాజు గదిలో కుర్చీకి లివర్ ఉంది. అది అక్కడ ఎవరూ అడిగి తెచ్చుకున్నది కాదు.

యూనివర్సిటీల్లో ఉన్న మన పిల్లలతో ఒక మాట. మెకానికల్ చదివేవాళ్ళు, డిజైన్, ఫిజియోథెరపీ చదివేవాళ్ళు ఇప్పుడు మనలో చాలామంది ఉన్నారు. మీ చదువు ఇంటికి ఎలా ఉపయోగపడాలని అడుగుతుంటారు కదా. మీ వాడలో ఎవరెవరు ఏ పనికి పోతున్నారో వాళ్ళ మోచేయి ఎత్తు, బల్ల ఎత్తు రాసుకురండి. ఒక తెల్ల చార్టు మీద మనిషి బొమ్మ గీసి, నొప్పి ఎక్కడుందో అక్కడ బొట్టుబిళ్ళ అతికించమనండి. కార్మిక సంఘాలు చాలా దేశాల్లో వాడే పద్ధతి ఇది. చదువు రాకపోయినా పర్లేదు, ఒక్కొక్కరినీ విడిగా అడగక్కర్లేదు. మేము ఒక ఆదివారం మా ఇంటి ముందు చేశాం. 14 మంది వచ్చారు. మొదట సిగ్గుపడ్డారు, తర్వాత బిళ్ళల కోసం కొట్టుకున్నారు. గంట తర్వాత చూస్తే గమ్ము లైన్ వాళ్ళ బిళ్ళలన్నీ కుడి భుజం మీద, మణికట్టు మీద గుంపుగా. స్టిచింగ్ వాళ్ళవి మెడ వెనకాల. ప్యాకింగ్ వాళ్ళవి నడుం మీద. ఒకామె చాలాసేపు ఆ చార్టు చూసి, "అయితే నా ఒంట్లోనే లోపం కాదన్నమాట" అంది. ఆమెకు నలభై దాటాయి. ఇన్నేళ్ళూ అలాగే అనుకుంది.

ఆ చార్టు, దారం కొలతలు, 14 మంది మోచేతి ఎత్తులు, 44వ సెక్షన్ కలిపి తమిళంలో ఒక కాగితం రాయించాం. సంతకాలు గుండ్రంగా పెట్టారు, మొదటిది ఎవరిదో తెలియకుండా. సేఫ్టీ కమిటీలో కార్మికుల తరఫున ఉన్నామెకు ఇచ్చారు. మూడు వారాలు ఏ మాటా లేదు. తర్వాత ఒక సూపర్‌వైజర్ వచ్చి, "ఎవరు కొలిచారు, ఎలా కొలిచారు?" అని అడిగాడట. ఎవరూ చెప్పలేదు. ఇంకో వారానికి గమ్ము లైన్‌లో ఆరు చెక్క దిమ్మలు వచ్చాయి, 15 సెంటీమీటర్ల ఎత్తువి. లైన్‌లో నిలబడేది 22 మంది. చాపల్లేవు. టార్గెట్ ఇంకా పెంచలేదు. స్టూళ్ళు స్టోర్‌లోనే ఉన్నాయి.

ఒక దిమ్మ చెల్లికి వచ్చింది. రాత్రి మెలకువ రావడం తగ్గిందా అని అడిగాను. కొంచెం అంది. రెండో షిఫ్టులో అదే చోట నిలబడే అమ్మాయి పొడుగుమనిషి, దిమ్మ ఎక్కితే ఆమె నడుం వంగిపోతుంది. అందుకని పోయేటప్పుడు చెల్లి దాన్ని లాగి గోడకు ఆనించి పోతుంది. పొద్దున వచ్చేసరికి ఆ అమ్మాయి మళ్ళీ తెచ్చి బల్ల ముందు పెట్టి ఉంచుతుంది. ఇద్దరూ ఇంతవరకు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదట.

(ఇంకా ఉంది)